ఊదా దారం

టైలరమ్మ చేతికి ఏ బట్ట వచ్చినా ముందు దాని లోపలి మడతలో ఒక చిన్న కుట్టు పడుతుంది. ప్యాంటు పొట్టి చెయ్యడానికి వచ్చినా, కోటు నడుము వదులు చెయ్యడానికి వచ్చినా, కర్టెన్ల అంచు మడవడానికి వచ్చినా సరే. ఊదారంగు దారం, గింజంత కుట్టు. బయటికి కనపడదు. ఇచ్చినవాళ్ళకు తెలియదు. దుకాణం పెట్టిన కొత్తలో ఒక పెద్దమనిషి బాగు చేయించుకున్న కోటు పట్టుకెళ్ళి, మర్నాడు అచ్చం అలాంటిదే చివికిపోయిన కోటొకటి తెచ్చి, "నా కోటు మార్చేశావు" అని వీధంతా వినపడేలా గోల పెట్టాడు. ఆవిడ తరఫున చెప్పేవాళ్ళు ఒక్కరూ లేకపోయారు. డబ్బు ఇచ్చుకుంది. అప్పటి నుంచి ఈ గుర్తు అలవాటైంది. ఊదారంగే ఎందుకంటే, ఆ రంగు బట్టలు ఆ చుట్టుపక్కల ఎవరూ వేసుకోరు. ఎవరో వదిలేసి పోయిన రీలు ఎంతకీ అవదు.

గుర్తు పెట్టడం బట్టలతో మొదలై ఇంట్లోకి పాకింది. చక్కెర డబ్బా మూతకు దారం, గ్యాస్ మార్చిన రోజున సిలిండరు మీద సుద్ద గీత, ఆఖరికి సబ్బు మీద గోటి గాటు.

"చక్కెర డబ్బాకి కాపలా ఎందుకే? ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణేగా!" అనేవాడు మొగుడు.

"అందుకే పెట్టాను" అనేది ఆవిడ.

ఆయన రంగుల మేస్త్రి. ఎత్తు పనులకు పెట్టింది పేరు. మెట్ల మీది కప్పులు, కిటికీల పై అంచులు, నిచ్చెన నిలబడని మూలలు ఆయనకే వదిలేవాళ్ళు. ఆ ఎత్తే ఒకరోజు ఆయన కొంప ముంచింది. నిచ్చెన జారి, కుడిచేత్తో పిట్టగోడ అంచు పట్టుకుని వేలాడాడు. కింద పడలేదు గానీ, పడి ఉన్నా బాగుండేదని తర్వాత చాలాసార్లు అన్నాడు. ఆ చెయ్యి ఛాతీ దాకా లేచేది. అక్కడ ఎవరో మణికట్టు పట్టుకుని ఆపినట్టు ఆగిపోయేది.

పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు ఫిల్ములు చూసి, భుజంలో నరంలాంటి పట్టీ ఒకటి కొంత చిరిగిందని, పూర్తిగా తెగలేదని చెప్పాడు. బరువులు ఎత్తొద్దు, గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళను మెల్లగా పైకి నడిపించు, నెలలు పడుతుంది, అప్పటికీ లేవకపోతే కోత సంగతి ఆలోచిద్దాం అన్నాడు. మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది.

"గోడలెక్కడం నాకు నేర్పుతాడా వాడు?" అని బయటికొచ్చి గొణిగాడు. ఒకటి రెండు రోజులు ముక్కుతూ మూలుగుతూ వేళ్ళు నడిపించి మానేశాడు.

నెలలంటే కుదరదు. ఊరి చివర కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్ల బ్లాకు రంగుల పని మొత్తం ఆయనకే ఇస్తానన్నాడు బిల్డరు. అలాంటి పని జీవితంలో ఒక్కసారే దొరుకుతుంది. చెయ్యి సంగతి తెలిశాక బిల్డరు వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"ప్లాస్టరింగు నడుస్తోంది మేస్త్రీ. అది ఆరేలోపు చెయ్యి లేపి చూపించు. లేస్తే పని నీదే. లేవకపోతే ఏమీ అనుకోకు, నాకూ పైన అడిగేవాళ్ళున్నారు."

ఆ రోజు నుంచి మేస్త్రి ఎండ కాస్తే విసుక్కునేవాడు, వాన పడితే ఈల వేసేవాడు.

*

ఫ్రిజ్జులో కొత్త డబ్బా ఒకటి కనపడింది. పాల గిన్నె వెనక, గుడ్డ కప్పి ఉంది. ఆవిడ ఫ్రిజ్జులో ఆవిడకు తెలియకుండా గుడ్డ కప్పడమంటే పోలీసు స్టేషన్లో జేబు కొట్టడం లాంటిదే. తీసి చూసింది. బొటనవేలంత సీసాలు, రబ్బరు బిరడా, దానిమీద రేకు మూత. అడుగున తెల్లటి పొడి అంటుకుని ఉంది.

"ఏమయ్యా, ఇదేంటి?"

మేస్త్రి టీవీ మీంచి చూపు తిప్పలేదు. "మందు."

"ఏ మందు?"

"భుజానికి."

"ఎవరిచ్చారు?"

"కోచ్ ఇచ్చాడు."

"ఏ కోచ్? ఎప్పుడిచ్చాడు? ఎంతిచ్చావు?"

"నువ్వడిగితే నాకు చెయ్యి కాదే, నోరు పడిపోతుంది" అని మేస్త్రి టీవీ ఆపేశాడు.

కోచ్ అంటే జిమ్ము నడిపేవాడు. ఆ జిమ్ముకు రంగులు వేసింది మేస్త్రే. సాయంత్రం కోచ్‌ని ఇంటికి పిలిపించింది. తలుపు దాటడానికి భుజాలు కొంచెం పక్కకు తిప్పుకోవాల్సొచ్చే మనిషి, కటింగు బల్ల ముందు స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"పెప్టైడ్ అంటారక్కా. మన ఒంట్లో తనంతట తాను తయారయ్యే పదార్థం లాంటిదే. బయట చేసి ఎక్కిస్తారు. చిరిగినచోట పని చేస్తుంది. మీ కుట్టు లాగా అనుకోండి."

"నా కుట్టు సంగతి వదిలెయ్యి. ఈ లేబులు మీద ఏం రాశారు?"

ఆవిడ అప్పటికే లేబులు మీద ఫోను పట్టి తెలుగులో చదివించి ఉంచుకుంది. పరిశోధన కోసం మాత్రమే, మనుషులకు వాడరాదు అని ఉంది. కోచ్ నవ్వాడు.

"అది ఊరికే అలా రాస్తారక్కా. లైసెన్సు గొడవలు."

"మరి వాడొచ్చు అని ఊరికే రాయొచ్చుగా?"

కోచ్ మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి ఫ్యాను వైపు చూశాడు.

"ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"గ్రూపులో ఒకాయన ఉన్నాడక్కా. ఆర్డరు పెడితే మనిషి వచ్చి ఇచ్చి వెళ్తాడు."

"నువ్వు చూశావా ఆయన్ని?"

"గ్రూపులోనే."

"అంటే ఎవరూ చూడని మనిషి ఇచ్చిన పొడిని, రోజూ నాకు కనపడే మనిషి ఒంట్లోకి పొడుస్తావన్నమాట."

"పొడిచేది నేను కాదక్కా, అన్నే. పొట్ట మీద, సన్న సూదితో. నేర్పిస్తాను." గొంతు తగ్గించాడు. "క్లినిక్కుకి వెళ్తే ఇదే మందుకి నాలుగింతలు గుంజుతారు. అన్న పరిస్థితి తెలిసి చెప్తున్నాను."

"వెనక్కి తీసేసుకో."

"అక్కా, మూతలు తియ్యలేదు కాబట్టి తీసుకుంటాను, నాకు వేరేవాళ్ళున్నారు. కానీ ఆలోచించండి."

"డబ్బు సిద్ధంగా పెట్టుకో, రేపు ఈయనే సీసాలు తెచ్చి ఇస్తాడు. పో నాయనా."

కోచ్ వెళ్ళాక మేస్త్రి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనమే ఆవిడకు నచ్చలేదు. అరిచి గోల చేసి ఉంటే నమ్మేది. నోరు మూసుకున్నాడంటే తిరిగి ఇవ్వడు, జిమ్ములోనే దాచుకుని పొడుచుకుంటాడు అనుకుంది. ఫ్రిజ్జు తడికి సీసాల లేబుళ్ళ అంచులు కాస్త లేచి ఉన్నాయి. మేస్త్రి స్నానానికి వెళ్ళినప్పుడు ఒక్కో లేబులు అంచు గోటితో ఎత్తి, కింద కత్తిరించిన ఊదా దారం ముక్క ఒకటి పెట్టి, వేలితో అదిమింది. ఆ సీసాలు మళ్ళీ ఏ రూపంలో ఇంట్లోకి వచ్చినా, ఆఖరికి చెత్తబుట్టలో తేలినా గుర్తుపట్టొచ్చు.

మర్నాడు మేస్త్రి డబ్బా పట్టుకెళ్ళి ఇచ్చి, డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆవిడ వారం పాటు ఆయన చొక్కా ఎత్తి పొట్ట చూస్తూనే ఉంది.

"చక్కిలిగింతలు పెట్టకే" అన్నాడాయన.

*

వదిన వచ్చింది ఆ తర్వాతే. మేస్త్రికి తోడబుట్టిన అక్క. చర్మం, జుట్టు, కీళ్ళు అన్నీ ఒకే చోట చూసే క్లినిక్కులో రిసెప్షను పని. రోజంతా ఇస్త్రీ చెదరని కోటు వేసుకుని నవ్వుతూ నిలబడే ఉద్యోగం. తమ్ముడి ఇంటికి వస్తే మాత్రం నవ్వు గుమ్మం బయటే వదిలేసి వచ్చేది.

"వాణ్ణి ఇలా కూర్చోబెట్టి చూస్తున్నావేంటే? మా దగ్గరికి తీసుకురావచ్చుగా. పెప్టైడ్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు, మా డాక్టరు దగ్గరుండి చూసుకుంటాడు."

టైలరమ్మ కత్తెర ఆపింది. "ఎంతవుతుంది వదినా?"

వదిన చెప్పింది. ఫీజు వేరు, రక్తపరీక్ష వేరు, ఇంజెక్షన్లు వేరు, మధ్యలో చూపించుకుంటే అదీ వేరు. అన్నీ కలిపి ప్యాకేజీ తీసుకుంటే కొంత తగ్గుతుంది. స్టాఫ్ తరఫు మనిషని తను చెప్తే ఇంకొంత.

ఆవిడ బల్ల మీద సుద్దతో లెక్క గీసింది. ఆవిడ లెక్కంతా ప్యాంట్ల అంచుల్లోనే. రక్తపరీక్షకి ఇన్ని ప్యాంట్లు, డాక్టరు నాడి పట్టుకుంటే ఇన్ని ప్యాంట్లు. ఇంజెక్షన్ల దగ్గరికొచ్చేసరికి బల్ల చాల్లేదు.

"ఊళ్ళో మగాళ్ళందరూ రాత్రికి రాత్రి పొట్టివాళ్ళైపోతే తప్ప తేలేలా లేదు" అంది.

"నవ్వులాటకి తియ్యకు. అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను కోసం దాచిన డబ్బుందిగా నీ దగ్గర."

టైలరమ్మ మేస్త్రి వైపు చూసింది. ఆ డబ్బు సంగతి వదినకు చెప్పిన నోరు ఆయనదే. మేస్త్రి చెవి గోక్కున్నాడు. ఎడమచేత్తోనే.

"వదినా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. మనిషిని తీసుకెళ్తే నీకేమైనా ఇస్తారా వాళ్ళు?"

వదిన మొహం గంటు పెట్టుకుంది. "ఇస్తారే. మేడ కట్టించి ఇస్తారు. తమ్ముడి చెయ్యి అమ్ముకుని బతుకుతున్నానని నీ ఉద్దేశమా?"

"లేదు, అడిగాను."

"నీకు అడగడమే తెలుసు. ఆ చెయ్యి ఇలాగే ఉండిపోతే నీ గుర్తులు, నీ దారాలు కట్టుకుని మీరిద్దరూ ఊరేగండి."

వదిన లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకుని, మోకాళ్ళు కూడగట్టుకుని లేచింది. కోపంలో ఉన్నప్పుడు కూడా ఆ జాగ్రత్త మరిచిపోలేదు. అడిగినదానికి కాదని చెప్పలేదు, అవునని చెప్పలేదు అన్నది టైలరమ్మ మనసులో ముల్లులా ఉండిపోయింది.

అయినా ఎంత లెక్క వేసినా ఒకటే తేలుతోంది. అక్కడ బోర్డుంది, బిల్లుంది, తెల్లకోటు వేసుకున్న డాక్టరున్నాడు. ఏదన్నా అయితే వెళ్ళి నిలదీయడానికి ఒక గుమ్మం ఉంది. కోచ్ వెనకున్న మనిషికి గుమ్మమే లేదు. ఆ గుమ్మం కోసమే ఓవర్‌లాక్ మిషను వదులుకుంది.

*

క్లినిక్కు చల్లగా, సువాసనగా ఉండేది. డాక్టరు మెత్తటి మనిషి. మేస్త్రిని సర్ అన్నాడు. మేస్త్రి ఆ రోజంతా నిటారుగా నడిచాడు. ఇంజెక్షన్లతో పాటు ఒక రంగుల కాగితం ఇచ్చారు. అందులో మనిషి బొమ్మ గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళు పైకి నడిపిస్తోంది.

"ఇది పెద్దాసుపత్రివాడు ఊరికే చెప్పిందేగా?" అంది టైలరమ్మ.

"ఇది ప్యాకేజీలో భాగమే" అన్నాడు మేస్త్రి గంభీరంగా. డబ్బు కట్టాడు కాబట్టి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వదలకుండా గోడెక్కాడు. పడుకునే గదిలో తలుపు పక్కన వేళ్ళ గుర్తులు పడి గోడ మాసిపోతోందని తనే బాధపడ్డాడు. తను వేసిన రంగే మరి.

చెయ్యి లేచింది. ముందు గడ్డం దాకా, తర్వాత చెవి దాకా. ఒకరోజు సీసాలో నూనె తనే తీసి తలకు రాసుకుని, జుట్టు నిగనిగలాడించుకుంటూ వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే, ఇది సీసా చలవా, గోడ చలవా అని లోపల ఒక గొంతు గొణుగుతూనే ఉంది. క్లినిక్కులో ఇంజెక్షను ఎప్పుడూ సిద్ధంగా నింపి ట్రేలో తెచ్చేవాళ్ళు. సీసా చూపించేవాళ్ళు కాదు. ఇంట్లో చక్కెర డబ్బాకే దారం కట్టే మనిషికి అది నచ్చుతుందా?

తర్వాతి ఇంజెక్షను రోజున ఆవిడ కూడా లోపలికి వెళ్ళింది. మేస్త్రి చొక్కా విప్పుకుని మంచం మీద కూర్చున్నాడు. నర్సు ట్రే తెచ్చింది.

"అమ్మాయ్, సీసా తెచ్చి మా ముందే నింపుతావా? నా తృప్తి కోసం."

నర్సు విసుక్కోలేదు. సీసా తెచ్చి ట్రేలో పెట్టింది, దూది అయిపోయిందని మళ్ళీ వెళ్ళింది. అదే సమయానికి వదిన లోపలికొచ్చింది. ప్యాకేజీలో తర్వాతి వాయిదా సంగతి గుర్తుచెయ్యడానికి.

సీసాకు క్లినిక్కు స్టిక్కరు ఉంది. పేరు, గుర్తు, బంగారు అంచు. టైలరమ్మ సీసా చేతిలోకి తీసుకుంది. రేకు మూత ఇంకా తియ్యలేదు. వేలితో స్టిక్కరు తడిమింది. మందంగా ఉంది. ఒక పొర కాదు. కోటుకు లైనింగు వేసినట్టు కింద ఇంకోటేదో ఉంది.

"ఏం చేస్తున్నావే?" అంది వదిన.

"ఉండు వదినా, చూడు."

బొటనవేలి గోరు స్టిక్కరు అంచు కింద పెట్టి, కుట్టు విప్పినట్టు మెల్లగా లేపింది. బంగారు అంచు వంకర తిరిగి ఊడింది. కింద పాత లేబులు. పరిశోధన కోసం మాత్రమే. ఆ లేబులు అంచు కూడా స్టిక్కరుతో పాటు లేచింది. దాని కింద జిగురుకు అంటుకుని ఊదారంగు దారం ముక్క.

ఎక్కడున్నా గుర్తుపడతానని పెట్టిన దారమే. కాకపోతే అది మొగుడి మీద పెట్టిన నిఘా. ఆయన్ని కాదు, ఇంకెవరినో పట్టించింది.

"ఇది కోచ్ ఇచ్చిన సీసా" అంది. "మనం తిరిగి ఇచ్చేసిందే. వేరేవాళ్ళున్నారని అతనన్నది వీళ్ళ గురించే."

నర్సు దూదితో వచ్చి, చూసి, డాక్టర్ని పిలుచుకొచ్చింది. డాక్టరు సీసా వెలుగులో తిప్పి చూశాడు. గొంతు ఏమాత్రం పెంచలేదు.

"సరఫరా చేసేవాళ్ళు ఒకరే అయ్యుండొచ్చమ్మా. అందులో తప్పేముంది? మా పర్యవేక్షణ వేరు."

"ఒకరే కాదండీ, సీసాయే ఒకటి. ఈ దారం నేను పెట్టింది."

"ఎప్పుడు పెట్టారు?"

"మా ఇంట్లో ఉన్నప్పుడు."

డాక్టరు మందహాసం చేశాడు. "ఇప్పుడు ఇక్కడ పెట్టలేదని ఏమిటి నమ్మకం? మీ చీర అంచుకో, జాకెట్టుకో ఉన్న దారమే కావచ్చు. మీ వృత్తి అదే కదా. ప్యాకేజీ డబ్బు వెనక్కి కావాలంటే అడగండి. దానికి ఈ నాటకం ఎందుకు?"

చివికిపోయిన కోటు పట్టుకుని దుకాణం ముందు అరుస్తున్న పెద్దమనిషి టైలరమ్మ కళ్ళముందు నిలబడ్డాడు. అన్నేళ్ళు అన్నిటికీ గుర్తులు పెట్టింది. కానీ ఆ గుర్తు తనే పెట్టిందని చెప్పే మనిషిని ఎక్కడా పెట్టుకోలేదు. ఎందుకంటే ఎవర్నీ నమ్మలేదు.

"నేను చూశాను" అంది వదిన.

అందరూ అటు తిరిగారు. వదిన గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"స్టిక్కరు నా కళ్ళముందే తీసింది. దారం లోపలి లేబులు కింద జిగురులో ఉంది. ఇప్పుడు పెట్టింది కాదు."

"మేడమ్, మీరు డెస్కు దగ్గరుండాలి" అన్నాడు డాక్టరు.

"ఉంటాను. ముందు ఒకటి చెప్పండి. నా మోకాళ్ళకి మీరేస్తున్నది కూడా ఇదేనా?"

డాక్టరు సమాధానం చెప్పడానికి కొంచెం ఆలస్యం చేశాడు. ఆ ఆలస్యం చాలు. వదిన ఆ ఇంజెక్షన్లు తీసుకుంటున్నట్టు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. జీతంలో నెలనెలా కొంత కోయించుకుని, రోజంతా నవ్వుతూ నిలబడటానికి ఆ మోకాళ్ళతో నెట్టుకొస్తోంది. టైలరమ్మకు తను అడిగిన ప్రశ్న గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

వదిన డెస్కు దగ్గరికి వెళ్ళింది. కంప్యూటర్లో తమ్ముడి ప్యాకేజీ తెరిచి, వేయని ఇంజెక్షన్ల డబ్బు వెనక్కి ఇచ్చేసింది. వెనక నుంచి డాక్టరు "దానికి పద్ధతి ఉంది" అంటూనే ఉన్నాడు.

"కట్టించుకున్నది నా చేత్తోనే" అంది వదిన తల ఎత్తకుండా. కోటు విప్పి కుర్చీకి తగిలించింది. "ఇది నా కొలత కూడా కాదు" అంది మరదలితో. నిజమే. ఆ కోటు భుజాల దగ్గర వదులని టైలరమ్మ చూసిన మొదటిరోజే అనుకుంది, చెప్పలేదు.

*

ఇంటికొచ్చాక మేస్త్రి విరుచుకుపడ్డాడు.

"సగం లేచిందిగా! ఇంకో రెండు వేస్తే మొత్తం లేచేది. అది ఏ పొడైతే నీకేంటి? లేచింది నా చెయ్యే కదా!"

"పొడితో లేచిందని ఎవరు చెప్పారు? గోడెక్కితే లేచిందేమో."

"గోడెక్కితేనే లేచిందని నువ్వు చెప్పగలవా?"

"చెప్పలేను. నువ్వూ చెప్పలేవు. ఆ సీసాలో ఏముందో ఆ డాక్టరూ చెప్పలేడు. ముగ్గురికీ తెలియంది నీ ఒంట్లోకి ఎందుకయ్యా?"

"ప్లాస్టరింగు ఆరిపోతోందే!" అన్నాడు మేస్త్రి. ఆవిడ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

వాళ్ళ వెంటే వచ్చిన వదిన ఇద్దరికీ టీ పోసింది. "పోట్లాడుకోవడానికి రేపు లేదా? పెద్దాసుపత్రికి పదండి. నా మోకాళ్ళూ చూపిస్తాను."

ఎముకల డాక్టరు చెయ్యి పైకి, పక్కకు లాగి చూశాడు. బాగానే లేస్తోందన్నాడు. ఇంజెక్షన్ల సంగతి చెప్తే పెదవి విరిచాడు. దేనివల్ల బాగుపడిందో తను ఒట్టు పెట్టి చెప్పలేనన్నాడు. గోడ మాత్రం మానొద్దన్నాడు. టైలరమ్మకు ఆ జవాబు నచ్చింది. తెలియదని చెప్పిన మొదటి మనిషి ఆయనే.

బిల్డరు ఆదివారం వస్తానని కబురు పెట్టాడు. తలుపు పై అంచు దాకా చెయ్యి లేవాలి. కప్పుకు బ్రష్షు అందుతుందా లేదా అని చూడటానికి ఆయన ఎప్పుడూ పెట్టే పరీక్ష అదేనట.

శనివారం పొద్దున టైలరమ్మ కుర్చీ ఎక్కి, తలుపు పై అంచుకు సూటిగా గోడ మీద సుద్దతో గీత గీసింది.

"గోడంతా ఖరాబు చేస్తున్నావు" అన్నాడు మేస్త్రి.

"నువ్వు పైకి రా, తర్వాత మళ్ళీ రంగేసుకుందువు గాని."

మేస్త్రి గోడకు ఎదురుగా నిలబడ్డాడు. వేళ్ళు నడిచాయి. గడ్డం, చెవి, నెత్తి. పళ్ళు బిగించాడు. వేళ్ళు ఇంకొంచెం పాకి గీతను ముట్టుకున్నాయి.

"అందింది!" అని అరిచాడు.

వదిన చప్పట్లు కొట్టింది. టైలరమ్మ కొట్టలేదు. ఆవిడ చూపు ఆయన కాళ్ళ దగ్గరుంది.

"మడమలు లేపావు."

"లేపలేదు."

"లేపావు. బిల్డరు కళ్ళు లేనివాడనుకున్నావా?"

"అమ్మ తోడు లేపలేదే! అక్కా, నువ్వు చెప్పు, లేపానా?"

"నేను వేళ్ళు చూశానురా, కాళ్ళు చూళ్ళేదు" అంది వదిన. ఒకసారి సాక్ష్యం చెప్పినందుకే ఉద్యోగం పోయిన మనిషి.

టైలరమ్మ బల్ల సొరుగు లాగి ఊదా రీలు తీసింది. బారెడు దారం తెంపి, నేల మీద చతికిలపడి, మేస్త్రి రెండు మడమల కిందా అడ్డంగా వేసింది.

"ఇప్పుడు నిలబడు. మడమ లేచిందంటే దారం నా చేతిలోకి వచ్చేస్తుంది."

"కట్టుకున్నవాడి కాళ్ళకి కూడా గుర్తు పెడతావా?"

"ఎక్కు."

మేస్త్రి గొణుక్కుంటూ చెయ్యి గోడకు ఆనించాడు. వేళ్ళు కదిలాయి. నెత్తి దాటాయి. భుజంలో ఎక్కడో టిక్కుమంది. ఆయన ఆగాడు. మళ్ళీ కదిలాడు. టైలరమ్మ తల ఎత్తలేదు. దారం కొస రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, తెగకుండా, వదలకుండా మెల్లగా లాగుతోంది.

"అందింది" అన్నాడు మేస్త్రి పైనుంచి. ఈసారి అరవలేదు. "ఏమే, వచ్చిందా?"

దారం బిగుసుకుని ఉంది. ఇంకొంచెం లాగింది. రాలేదు.

"అలాగే ఉండు" అంది ఆవిడ. "ఇంకోసారి చూస్తాను."